రంగు నీళ్ళకి మెటాలిక్ గ్లాస్ నిజంగా పనిచేస్తుందా?

ప్రశ్న: అజో డై (బట్టలకి వేసే ఒక రకం రంగు) కలిసిన నీళ్ళలో మామూలు ఐరన్ పౌడర్ వేసినా రంగు పోతుంది, కానీ ఐరన్-సిలికాన్-బోరాన్ మెటాలిక్ గ్లాస్ అయితే ఇంకా ఫాస్ట్ అంటున్నారు, రెండిట్లో ఉన్నది ఇనుమే కదా, తేడా ఎక్కడండీ?

జవాబు 1: అమరికలోనే అండి. కరిగిన లోహాన్ని సెకనుకి దాదాపు 10 లక్షల డిగ్రీల స్పీడ్‌లో చల్లార్చేస్తే పరమాణువులకి వరసగా సర్దుకునే టైమే ఉండదు, ఎక్కడివక్కడే బిగుసుకుపోతాయి, అదే మెటాలిక్ గ్లాస్, ఆ స్థితిలో ఎనర్జీ ఎక్కువ కాబట్టి ఎలక్ట్రాన్లు ఈజీగా వదులుతాయి, అవెళ్ళి డైలో రంగునిచ్చే నైట్రోజన్ డబుల్ బాండ్‌ని తెంచేస్తాయి.

జవాబు 2: మెటాలిక్ గ్లాస్ పల్చటి రిబ్బన్ కన్నా బాల్ మిల్లింగ్ చేసిన (గట్టి బంతులతో నూరిన) పొడి ఇంకా చురుకు. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే ఫెంటన్ రియాక్షన్ (ఇనుము, పెరాక్సైడ్ కలిసి డైని విరగ్గొట్టే చర్య), పీహెచ్ 3 దగ్గర, అంటే నీళ్ళు ఆమ్లంగా ఉన్నప్పుడు, బాగా నడుస్తుంది.

జవాబు 3: రంగు పోయిందని సంబరపడకండి బాబూ, బాండ్ తెగాక ఆరోమాటిక్ అమైన్లు మిగులుతాయి, వాటిలో కొన్ని విషమే. టీఓసీ (నీళ్ళలో ఉన్న మొత్తం ఆర్గానిక్ కార్బన్) కూడా చూడాలి.

ప్రశ్న అడిగింది నేనే: అయ్యో, నేను కలర్ రీడింగ్ ఒక్కటే చూస్తున్నా!