ట్వీటర్ సౌండ్ తగ్గించడానికి ఒక్క రెసిస్టర్ చాలదా? ఇంట్లో కట్టిన టూ-వే బాక్సులు

సముద్రపుగాలి (ఎంవీపీ కాలనీ, విశాఖ):
గురూగార్లకి నమస్తే. ఇంట్లోనే ఒక జత టూ-వే స్పీకర్ బాక్సులు (కింది శబ్దానికి వూఫర్, పై శబ్దానికి ట్వీటర్) కట్టాను. 18 ఎంఎం ఎండీఎఫ్ చెక్క, ముందు పలక వెడల్పు 22 సెంటీమీటర్లు. వూఫర్ ఆరున్నర అంగుళాలది, 8 ఓమ్స్, సెన్సిటివిటీ (ఒకే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో) 87 డీబీ అని డేటాషీట్‌లో ఉంది. ట్వీటర్లు మాత్రం ఎవరో విప్పేసిన హోమ్ థియేటర్‌లోవి, సిల్క్ డోమ్. వెనకాల స్టిక్కర్ లేదు, అమ్మినాయన 92 డీబీ, 8 ఓమ్స్ అన్నాడు. క్రాసోవర్ (శబ్దాన్ని వూఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే ఫిల్టర్) కాలిక్యులేటర్‌లో 2500 హెర్ట్జ్‌కి లింక్‌విట్జ్-రైలీ సెకండ్ ఆర్డర్ అనే రకం కొడితే వచ్చిన విలువలే వేశాను, రెండు వైపులా 1 మిల్లీహెన్రీ కాయిల్, 3.9 మైక్రోఫారడ్ కెపాసిటర్.

మొదట ట్వీటర్ చెవులు కోసేసింది. 5 డీబీ తేడా ఉంది కదా అని దానికి సిరీస్‌లో 6.8 ఓమ్స్ సిమెంట్ రెసిస్టర్ పెడితే ఇప్పుడు తాళాలు, గజ్జెలు దుప్పటి కింద మోగుతున్నట్టున్నాయి. గొంతు మాత్రం మీదకొచ్చేస్తోంది. ఏటి చెయ్యాలి? రెసిస్టర్ క్రాసోవర్‌కి ముందు పెట్టాలా, తర్వాతా? రెండు రెసిస్టర్ల ఎల్-ప్యాడ్ తప్పనిసరా?

పాతరేడియో:
ట్వీటర్‌కి వెళ్లే వోల్టేజ్ తగ్గాలి, కానీ ఫిల్టర్‌కి కనిపించే లోడ్ మారకూడదు, అసలు కిటుకంతా అదే. మీ ఫిల్టర్ 8 ఓమ్స్ అనుకుని లెక్క కట్టింది. మధ్యలో 6.8 పెడితే దానికి 14.8 కనిపిస్తుంది, 0.5 ఉండాల్సిన క్యూ (ఫిల్టర్ మలుపు ఎంత పదునో చెప్పే అంకె) 0.9 దాటుతుంది, క్రాసోవర్ దగ్గర చిన్న గూను లేస్తుంది. ఎల్-ప్యాడ్‌లో ఒకటి సిరీస్‌లో, ఇంకోటి ట్వీటర్‌కి అడ్డంగా (ప్యారలల్‌లో) పడుతుంది కాబట్టి లోడ్ అలాగే ఉంటుంది. 8 ఓమ్స్ ట్వీటర్‌ని 5 డీబీ దించాలంటే సిరీస్‌లో 3.5, అడ్డంగా 10.3 రావాలి. బజార్లో దొరికే 3.3, 10 వెయ్యండి, మొత్తం లోడ్ 7.7 ఓమ్స్ అవుతుంది, దిగేది 4.8 డీబీ. స్థానం ఫిల్టర్ తర్వాత, ట్వీటర్‌కి ముందు. 10 వాట్లవి చాలు.

కాకపోతే మీరు చెప్పిన దాంట్లో ఒకటి నాకు నప్పలేదు. 8 ఓమ్స్ ట్వీటర్‌కి 6.8 పెడితే తగ్గేది 5 డీబీ చిల్లరే, దానికే దుప్పటి కప్పినట్టు ఉండదు. వైర్లు పీకేసి ట్వీటర్ రెండు టెర్మినల్స్ మధ్య మల్టీమీటర్ పెట్టి ఓమ్స్ చూడండి. 8 ఓమ్స్ డ్రైవర్ అయితే 6 కాస్త అటూ ఇటూ చూపించాలి.

సోల్డరుపొగ:
మాస్టారూ, సిరీస్ రెసిస్టర్ ఒక్కటే వాడటం పాపమేం కాదు. దాన్ని కూడా లెక్కలో కలిపి ఫిల్టర్ డిజైన్ చేస్తే చక్కగా పనిచేస్తుంది. ఫిల్టర్‌కి ముందు పెట్టేవాళ్లూ ఉన్నారు, అప్పుడు క్యూ తగ్గి మలుపు కాస్త మెత్తబడుతుంది. వేరే విలువలకి కట్టేసిన ఫిల్టర్‌లోకి తర్వాత తెచ్చి దూర్చడంతోనే ఇబ్బంది.

గొంతు మీదకొస్తోందన్నారే, అది ట్వీటర్ గొడవ కాదు, బాఫిల్ స్టెప్. 22 సెంటీమీటర్ల పలకకి అది 520 హెర్ట్జ్ చుట్టుపక్కల పడుతుంది, అంతకంటే కింది శబ్దం బాక్సు వెనక్కి కూడా పారిపోయి ముందు తగ్గుతుంది, అందుకే గొంతు తేలుతుంది. సిద్ధాంతం ప్రకారం నష్టం 6 డీబీ, గోడకి దగ్గరగా పెట్టుకుంటే 3 డీబీ సరిచేస్తే చాలు. వూఫర్ కాయిల్‌ని 1 నుంచి 1.5 మిల్లీహెన్రీ వైపు పెంచండి, దాని కెపాసిటర్ విలువ కొలతలు చూశాకే. పనిలో పనిగా వూఫర్‌కి జోబెల్ (ఇంపెడెన్స్, అంటే కరెంటుకి అడ్డు, పెరగకుండా ఆపే రెసిస్టర్-కెపాసిటర్ జత) కూడా వెయ్యండి, కాయిల్ డీసీ 6 ఓమ్స్, ఇండక్టెన్స్ 0.6 మిల్లీహెన్రీ ఉంటే 7.5 ఓమ్స్, 10 మైక్రోఫారడ్ సిరీస్‌లో పెట్టి వూఫర్‌కి అడ్డంగా. లేకపోతే పై ఫ్రీక్వెన్సీలకి పోయేకొద్దీ వూఫర్ ఇంపెడెన్స్ పెరిగిపోయి కాలిక్యులేటర్ చెప్పిన 2500 కాగితం మీదే ఉంటుంది.

కొలవడానికి ఆర్‌ఈడబ్ల్యూ, డిజైన్‌కి విట్యూయిక్స్‌క్యాడ్, రెండూ ఫ్రీ సాఫ్ట్‌వేర్లు. బాక్సుని నేలకీ స్లాబుకీ సరిగ్గా మధ్యలో లేపి, మైక్ మీటరు దూరంలో పెట్టి, ఫ్యాన్ ఆపి కొలవండి. ఉక్కపోత భరించాలి మరి! పదడుగుల స్లాబు ఇంట్లో మొదటి 6 మిల్లీసెకన్లలో ప్రతిధ్వని పడదు, అంటే 200 హెర్ట్జ్ పైన రీడింగ్ నమ్మొచ్చు, మీ క్రాసోవర్‌కి అది ధారాళం.

గాజువాక_చుట్ట:
1.5 కాయిల్ కోసం ఆన్‌లైన్ వెతకొద్దు. మోటార్ వైండింగ్ షాపుల్లో ఎనామిల్ రాగితీగ తూకం లెక్కన ఇస్తారు, 18 గేజ్ అడగండి. చెక్క బాబిన్ మీద కాస్త ఎక్కువే చుట్టి, ఎల్‌సీఆర్ మీటర్ (కాయిల్ విలువ కొలిచేది) చూస్తూ ఒక్కో చుట్టూ విప్పుకుంటూ రావడమే. ఎడమ, కుడి ఒకేలా రావడం ముఖ్యం. మన ఊరి ఉప్పుగాలికి సోల్డర్ చేసిన చోట వార్నిష్ పూయండి, ఎండీఎఫ్ లోపలి అంచులకి కూడా. మామూలు ఎలక్ట్రోలైటిక్ వద్దు, నాన్-పోలార్ లేదా ఫిల్మ్.

సముద్రపుగాలి:
ట్వీటర్ మల్టీమీటర్‌లో 3.3 చూపిస్తోంది. రెండూ అంతే!

పాతరేడియో:
అదీ సంగతి, అది 4 ఓమ్స్ ట్వీటర్. 6.8తో మీరు దించింది 5 కాదు, 8.6 డీబీ. నేను పైన ఇచ్చిన 3.3, 10 వదిలెయ్యండి.

మీకో లాభం కూడా ఉంది. ప్రస్తుతానికి 6.8 తీసి 3.9 పెట్టండి, 3.9, 4 కలిసి దాదాపు 8 అయిపోయాయి, ఫిల్టర్ ముట్టుకోనక్కర్లేదు, దాదాపు 6 డీబీ దిగుతుంది. వూఫర్‌కి బాఫిల్ స్టెప్ సరిచేశాక ట్వీటర్ ఇంకాస్త దిగాలి, అప్పుడు సిరీస్‌లో 4.7, ట్వీటర్‌కి అడ్డంగా 15. లోడ్ 7.9, దిగేది కూడా 7.9 డీబీ. సెకండ్ ఆర్డర్ కాబట్టి ట్వీటర్ ప్లస్ మైనస్ తిరగేసి కలపాలి, కలిపారా? రెండు రకాలుగానూ కొలిచి, 2500 దగ్గర గొయ్యి పడని కనెక్షన్ ఉంచుకుని, గ్రాఫ్ ఇక్కడ పెట్టండి.