ప్రవాస మెక్సికన్లకు వారి కాన్సులేట్లు ఏం చేస్తున్నాయి?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు):
మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళం ప్రతి ఆదివారం పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాము. అమెరికాలోని మెక్సికన్లకు ఇటువంటి సాయం వారి కాన్సులేట్లే చేస్తాయని విన్నాను. పాస్‌పోర్టులిచ్చే కార్యాలయానికి అది ఎలా సాధ్యమో తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

జవాబు (జయనగర్):
అమెరికాలో మెక్సికోకు 50కి పైగా కాన్సులేట్లున్నాయండీ. ప్రవాసుల కోసం 2003లో విదేశాంగ శాఖ కింద ప్రత్యేకంగా ఒక సంస్థనే నెలకొల్పారు. నేను అక్కడ ఉన్న రోజుల్లో, బూట్లకు సిమెంటు అంటిన ఒక తాపీమేస్త్రీ, గుర్తింపు కార్డు కోసం వచ్చి, తన వంతు వచ్చేలోగా ‘ఆరోగ్య కిటికీ’ అనే బల్ల దగ్గర చక్కెర పరీక్షకు వేలు చాపడం కళ్ళారా చూశాను. ఆసుపత్రి గడప తొక్కడానికి జంకే మనిషి తన భాష వినబడే చోట ధైర్యంగా కూర్చున్నాడు. నా దృష్టిలో అసలు కిటుకు అదే. చదువు మధ్యలో ఆగిన పెద్దలు స్పానిష్‌లో దాన్ని పూర్తిచేసుకునే కేంద్రాలు కూడా ఉన్నాయి.

జవాబు (రాజాజీనగర్):
పండుగల సంగతి కూడా చెప్పాలి. నవంబరు 1, 2 తేదీల్లో వచ్చే మృతుల దినానికి చాలా కాన్సులేట్లు బంతిపూలు, కొవ్వొత్తులు, పోయినవారికి ఇష్టమైన వంటకాలతో పీఠం అలంకరిస్తాయి. మన పెద్దల అమావాస్య గుర్తుకు వస్తుంది. మనం గుమ్మాలకు కట్టే బంతికి పుట్టిల్లు కూడా మెక్సికోయే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. వచ్చే ఆదివారం తరగతి పక్కనే రక్తపోటు చూసే బల్ల ఒకటి వేయిస్తాను. పిల్లలను దింపడానికి వచ్చే తాతయ్యలు, అమ్మమ్మలు ఎలాగూ అక్కడే గంటసేపు కూర్చుంటారు.