పాత ఫ్లాటుకి రంగులు: మేస్త్రీతో ముందే ఏమేం తేల్చుకోవాలి?

బెజవాడ_ఫ్లాటు:
విజయవాడలో 12 ఏళ్ల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. లోపల మాత్రమే రంగులు వేయించాలి. ఒక మేస్త్రీ మెటీరియల్ మీది, లేబర్ మాది అంటున్నాడు. ఇంకో మేస్త్రీ అన్నీ కలిపి ఎస్సెఫ్టీకి (చదరపు అడుగుకి) ఒకటే రేటు చెప్పి సగం అడ్వాన్సు అడుగుతున్నాడు. పగలు ఇంట్లో అమ్మ ఒక్కరే ఉంటారు. లప్పం (గోడ నునుపు కోసం పెట్టే పుట్టీ) ఎన్ని కోట్లు పెట్టారో, రంగులో నీళ్లు ఎంత పోశారో మాకెలా తెలుస్తుంది? బాత్‌రూమ్ వెనక గోడ కింద రెండడుగుల మేర పెచ్చులు ఊడుతోంది. అదీ లప్పంతోనే సరిపోతుందని ఇద్దరూ అంటున్నారు.

కొలతటేపు:
మీ పరిస్థితికి లేబర్ కాంట్రాక్టే మేలు. అన్నీ కలిపి ఇస్తే రంగు తక్కువ వాడినకొద్దీ ఆయనకు మిగులుతుంది.

రేటుకంటే ముందు కొలత తేల్చుకోండి. రంగేసే ఏరియా ఫ్లోర్‌కి మూడున్నర రెట్లు అనే నోటిలెక్క ఒప్పుకోవద్దు. 12×11 గది, పదడుగుల ఎత్తు అనుకుంటే గోడలు 460, సీలింగు 132, మొత్తం 592 ఎస్సెఫ్టీ. తలుపు 21, కిటికీ 16 తీసేస్తే 555. అంటే ఫ్లోర్‌కి నాలుగు రెట్లు దాటింది. పెద్ద హాలుకు మూడు కూడా రాకపోవచ్చు. తలుపులు, కిటికీలు తీయకుండా లెక్క కట్టేవాళ్లూ ఉన్నారు. అంచుల దగ్గర పని ఎక్కువ అంటారు, అందులో కొంత న్యాయం ఉంది. ఎలాగైనా సరే, రేటు మాట్లాడే రోజే తేలిపోవాలి. గ్రిల్సు, తలుపులు, కబోర్డుల లోపలి భాగం లెక్కలో ఉన్నాయో లేదో కూడా రాయించండి. చివర్లో గొడవలన్నీ అక్కడే.

సగం అడ్వాన్సు వద్దు. డబ్బు చేతికొచ్చాక కుర్రాళ్లు వేరే సైటుకి పోతారు, మీ ఇల్లు ఎమరీ (గరుకు కాగితం) దుమ్ములో ఉండిపోతుంది. మొదట 10 శాతం, లప్పం రుద్దడం అయ్యాక 30, ప్రైమరు (రంగుకి ముందు వేసే పట్టు పూత), మొదటి కోటు అయ్యాక 30, రెండో కోటుకి 20. చివరి 10 శాతం టచప్‌లు, నేల శుభ్రం అయ్యాకే. శనివారం కూలీల ఖర్చులకు ఇచ్చిందీ ఇందులోంచే.

ఇంకోటి, రంగు బకెట్లలో పెయింటర్లకి డబ్బులొచ్చే టోకెన్లు పెడతారు. ఫలానా కంపెనీ బకెట్టే తెమ్మని పట్టుబట్టడానికి అదీ ఒక కారణం కావచ్చు. టోకెన్ ఆయన్నే తీసుకోనివ్వండి, పేచీ వద్దు. సీలు మాత్రం మీ ఎదుటే తీయాలి, ఖాళీ బకెట్లు పని అయ్యేదాకా ఇంట్లోనే ఉండాలి.

గోడమీదపిల్లి:
రోజంతా కాపలా కాయక్కర్లేదు. ఒక పొర మీద ఇంకో పొర ఎక్కేముందు చూస్తే చాలు. మీరు చూడనిదే ప్రైమరు వేయకూడదు, ఇది ముందే చెప్పండి.

లప్పం అంటే ఏది? వైట్ సిమెంట్ పుట్టీ బస్తానా, సుద్దపొడితో కలిపే పాత లప్పమా అడగండి. సుద్దది చవక, బాగా నునుపు కూడా వస్తుంది, కానీ చెమ్మ తగిలితే మెత్తబడుతుంది. పెట్టిన మర్నాడు తడిగుడ్డతో గట్టిగా తుడిచి చూడండి. గుడ్డకి పిండిలా అంటుతూ, గోడ మెత్తబడుతుంటే అది పనికిరాదు. సిమెంట్ పుట్టీ పది కిలోలకు సుమారు మూడున్నర నుంచి నాలుగు లీటర్ల నీళ్లు. రెండు మూడు గంటల్లో వాడేయాలి. గట్టిపడ్డదాంట్లో మళ్లీ నీళ్లు పోసి వాడితే పొడిపొడిగా రాలుతుంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఎక్కువగా జరిగే తప్పు ఇదే, అమ్మగారికి చెప్పండి. రెండు కోట్లు కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. లోతు గుంటలుంటే ముందు సిమెంటుతో పూడ్చాలి.

రుద్దాక రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, ఒక బల్బుని గోడకి ఆనించినట్టు పక్కగా పట్టుకోండి. ఎగుడుదిగుళ్లు, బ్లేడు గీతలు అన్నీ కనిపిస్తాయి. పెన్సిల్‌తోనే గుర్తుపెట్టండి. పెన్ను సిరా రెండు కోట్ల రంగు కిందనుంచి కూడా పైకి ఊరుతుంది.

ఇక చెమ్మ గోడ. దాని మీద లప్పం వేయడం డబ్బు దండగ. అడుగున్నర చదరం ప్లాస్టిక్ కవరు నాలుగు పక్కలా టేపుతో అంటించి, 16 గంటల తర్వాత విప్పండి. గోడవైపు నీటిబొట్లుంటే చెమ్మ లోపల్నించే వస్తోంది. బాత్‌రూమ్ టైల్స్ సందులు, పైపు జాయింట్లు ముందు ప్లంబర్‌కి చూపించండి. లీకు ఆగాక పాడైన ప్లాస్టరింగు కొట్టేసి, కొత్తది చేయించి, బాగా ఆరనివ్వాలి. మిగతా ఇల్లు రంగేసుకుని ఆ గోడ ఒక్కటి తర్వాతకి వదిలేసినా తప్పులేదు.

బెజవాడ_ఫ్లాటు:
చాలా థ్యాంక్సండీ. మేస్త్రీ ఏమో పాత ఇంటికి ప్రైమరు అక్కర్లేదు, నేరుగా రంగేస్తానంటున్నాడు. నిజమేనా?

గోడమీదపిల్లి:
సగం నిజం. పాత ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) గట్టిగా ఉంటే గోడంతా ప్రైమరు అక్కర్లేదు. కడిగి, ఎమరీతో గరుకు చేసి రంగేయొచ్చు. కానీ లప్పం పెట్టిన ప్రతిచోటా ప్రైమరు పడాల్సిందే. లేకపోతే లప్పం రంగుని పీల్చేసి, పక్కనుంచి చూస్తే మచ్చలు మచ్చలుగా మెరుపు తగ్గి కనిపిస్తుంది. అరచేత్తో రుద్దితే పొడి అంటుతోందా? అంటే కింద సున్నమో డిస్టెంపరో ఉంది. దాన్ని గీకేసి, మొత్తం ప్రైమరు వేయాలి.

నీళ్ల సంగతి: డబ్బా మీద 40 శాతం అని ఉంటే నాలుగు లీటర్లకు 1.6 లీటర్లు. ఒక లీటరు వాటర్ బాటిల్ ఇచ్చి దాంతోనే కొలవమనండి. ఎక్కువైతే రోలర్ నుంచి చుక్కలు కారతాయి, రెండు కోట్లేసినా కింది మరకలు కనిపిస్తూనే ఉంటాయి. రెండు కోట్లు వేర్వేరు రోజుల్లో వేయమనండి, లెక్క దానంతటదే తెలుస్తుంది. ఎరుపు, పసుపు మాత్రం మూడు కోట్లు అడుగుతాయి, అది మేస్త్రీ తప్పు కాదు.

సున్నంబొట్టు:
పాత తలుపులు, గ్రిల్సు పొడిగా రుద్దనివ్వకండి. రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మీ తలుపుల ఎనామిల్ రంగు అంతకుముందుది, దాని దుమ్ములో సీసం ఉండొచ్చు. నీళ్లు తడుపుతూ వాటర్‌పేపర్‌తో రుద్దమనండి, పిల్లలుంటే ఆ గదిలోకి రానివ్వద్దు.

లప్పం గిన్నెలు, బ్లేడ్లు సింకులో కడగనివ్వద్దు, పైపులో గట్టిపడితే ప్లంబర్ ఖర్చు అదనం. ఒక పాత బకెట్టు కేటాయించండి. పేరుకున్న మడ్డి చెత్తలో వేయొచ్చు.

ప్రతి షేడ్‌లో అరలీటరు చిన్న డబ్బాలో మిగుల్చుకుని, షేడ్ కోడు, బేస్, బ్యాచ్ నంబరు మూత మీద రాసి పెట్టండి.