సంక్రాంతికి పంచే అరిసెలు, చింతకాయ పచ్చడి: ఇంట్లోనే చేయాలా, ఆర్డర్ ఇచ్చేయాలా?

తణుకు తంబి (డిసెంబర్ 14, రాత్రి)
మా ఇంట్లో గొడవ ఇక్కడ పెడుతున్నాను, తిట్టినా సరే. మా అమ్మకి 67. రెండు మోకాళ్లూ అరిగాయి. అయినా నెలగంట పట్టగానే మొదలుపెడుతుంది. ఎనిమిది కిలోల చింతకాయ పచ్చడి, ఆరు కిలోల బియ్యం అరిసెలు, పైగా జంతికలు. మొత్తం 14 ఇళ్లకు స్టీలు డబ్బాల్లో సర్ది భోగికి ముందే పంపాలి. పిన్నిలు, మేనత్తలు, పాత ఇంటి ఓనరుగారు, నాకు చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు, అందరూ ఆ లిస్టులో ఉన్నారు.

పోయిన ఏడాది అరిసెలు వండాక నాలుగు రోజులు మంచం దిగలేదు. ఈసారి అన్నయ్య గట్టిగా చెప్పేశాడు: "అన్నీ ఆర్డర్ పెడదాం, అమ్మ పొయ్యి దగ్గరికి రావడానికి వీల్లేదు." అమ్మ ఒకటే మాట అంది: "కొన్నవి పంపడానికి మధ్యలో నేనెందుకురా, కొట్టువాడే నేరుగా పంపిస్తాడుగా." అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నేను మధ్యలో నలిగిపోతున్నా. మీరైతే ఏం చేస్తారు?

ప్యాకెట్ పక్షం
ఆర్డర్ పెట్టండి. మోకాళ్లు మళ్లీ రావు, అరిసెలు మళ్లీ వస్తాయి.

ఓరుగల్లు అక్క
తమ్ముడూ, మా దిక్కు సంక్రాంతి అంటే సకినాలు. సకినాలు ఒక్కతే కూర్చొని చుట్టడం నేనెప్పుడూ చూడలేదు. తెల్ల బట్ట పరుస్తాం, వాడకట్టులో నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటాం, నువ్వులు, వాము కలిపిన తడిపిండిని వేళ్లతో మెలితిప్పుకుంటూ వరుసలు తిప్పుతాం. ఒకరు కాలుస్తారు, ఒకరు అందిస్తారు. ఇవాళ మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో. మా అత్తమ్మకు 70 దాటినయి, ఇప్పటికీ చుట్టుడే. ఆమెకు నడుం నొయ్యదు, ఎందుకంటే ఆమె వాటాకు వచ్చేది రెండు గంటలే.

మీ అమ్మను కష్టపెట్టేవి అరిసెలు కాదు. ఆరు కిలోలూ ఒక్కతే చేయడం.

ప్యాకెట్ పక్షం
అక్కా, వాడకట్టు ఉన్నవాళ్లకు ఆ మాట బాగుంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఎదురు ఫ్లాట్ వాళ్ల పేరు నాకు లిఫ్టులో కూడా తెలియలేదు. వాళ్లను పిలిచి పిండి జల్లించమనాలా?

జాడీమూత
ఒక సంగతి విడదీసి చూద్దాం. అందరూ పచ్చడినీ అరిసెనీ ఒకే మూటలో కట్టేస్తున్నారు. రెండింటి కష్టం ఒకటి కాదు.

చింతకాయ పచ్చడి తొందరలేని పని. కాయలు కడిగి, తుడిచి, నీడలో తడి లేకుండా ఆరనివ్వాలి. కిలో కాయకు పావు కిలో దాకా రాళ్ల ఉప్పు, కాస్త పసుపు వేసి కచ్చాపచ్చాగా దంచి జాడీకెత్తాలి. మూడో రోజు తీసి గింజలు, ఈనెలు ఏరి మళ్లీ ఒకసారి మెత్తగా నూరాలి. అంతే. డిసెంబర్‌లో ఏ శనివారమో మొదలెట్టి మంగళవారానికి ముగించొచ్చు. కూర్చుని చేసే పని, టీవీ చూస్తూ గింజలు తీయొచ్చు. ఏడాది నిల్వ ఉంటుంది కాబట్టి పండగ టెన్షన్ ఉండదు.

అరిసె అలా కాదు. బియ్యం కొత్తవి కావాలి, ఒక రోజంతా నానాలి, వడకట్టి తడి ఆరకముందే పిండి కొట్టాలి. జల్లించిన పిండిని గిన్నెలో చేత్తో అదిమి మూత పెట్టాలి, లేకపోతే తడి పోయి అరిసె గట్టిపడుతుంది. పాకం దగ్గర ఇంకా నాటకం. నీళ్ల గిన్నెలో చుక్క వేస్తే మెత్తని ఉండ కట్టాలి. ఆ ఉండని కంచానికేసి కొడితే టంగుమందా, ముదిరిపోయింది, అరిసెలు రాళ్లవుతాయి. ఉండే కట్టలేదా, నూనెలో విడిపోతాయి. ఆ మధ్యలో దొరికేది నిమిషం. ఆ నిమిషంలో పిండి పోసి, గడ్డ కట్టకుండా తెడ్డుతో తిప్పాలి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అనుకున్నా, ఆరు కిలోల చలిమిడి తిప్పడం మోకాళ్లకే కాదు భుజాలకీ శిక్షే. తర్వాత ఒక్కో అరిసెనీ చెక్కల మధ్య నొక్కి నూనె పిండడం, అదీ పొయ్యి ముందు నిలబడి.

కాబట్టి నా తీర్పు: పచ్చడి అమ్మ చెయ్యాలి, అరిసెలు బయట చేయించాలి.

రెండో కోడలు
జాడీమూత గారి లెక్కకి నాదొక చేదు అనుభవం. మా మామగారికి బీపీ అని ఒక ఏడాది పచ్చడిలో ఉప్పు సగానికి తగ్గించాను. నాకు నేనే తెలివైనదాన్ని అనుకుని అదే పచ్చడి 11 ఇళ్లకు పంచాను. మూడో వారం నుంచి ఫోన్లు. "వదినా, పచ్చడి మీద తెల్లగా పొర కట్టింది, పైది తీసేసి తినొచ్చా?" వద్దండీ, మొత్తం పారేయండి అని 11 మందికీ చెప్పుకోవడం ఎంత సిగ్గో నాకే తెలుసు. నిల్వ పచ్చడిలో ఉప్పు రుచి కోసం మాత్రమే కాదు. కాయలో నీళ్లు లాగేసి, పులుపుతో కలిసి బూజుని రానివ్వనిది అదే. బీపీ ఉంటే తక్కువ తినాలి, తక్కువ ఉప్పుతో పట్టకూడదు.

ఇంకోటి. వెల్లుల్లి పోపు పెట్టేసి పంచకండి. తొక్కుగానే ఇవ్వండి, ఎవరికి వాళ్లు కావలసినప్పుడు కాస్త తీసి పచ్చిమిర్చితో నూరి పోపు పెట్టుకుంటారు.

ఐదిళ్ల అరిసెలు
నిజం చెప్తే అందరూ మీద పడతారు, అయినా చెప్తా. పండక్కి మా ఇంటికి ఐదు ఇళ్ల నుంచి అరిసెలు వస్తాయి. ఇంట్లో ముగ్గురం, ఇద్దరికి షుగర్. తలా ఒకటి తిని మిగతావి పనమ్మాయికీ వాచ్‌మన్‌కీ ఇచ్చేస్తాం. ఎవరి అమ్మ మోకాళ్లు అరగదీసుకుని చేసిందో ఆ డబ్బా మీద రాసి ఉండదు కదా. పుచ్చుకునేవాళ్లని ఎవరూ అడగరు, ఇచ్చేవాళ్ల సరదా ఇది.

ఓరుగల్లు అక్క
ఎవరికిచ్చినా తింటారు కదా. పారేస్తే తప్పు గానీ, పంచితే తప్పేంది?

ఐదిళ్ల అరిసెలు
తప్పని కాదక్కా. 14 ఇళ్లలో ఎంతమంది నిజంగా ఎదురుచూస్తున్నారో ఒకసారి లెక్క వెయ్యమంటున్నా, అంతే.

పిండివంటల షెడ్డు
నేను అమ్మేదాన్ని, కాబట్టి నా మాట అమ్ముకునేవాళ్ల మాట అనుకున్నా ఫర్వాలేదు. "ఇంట్లో చేసింది", "కొన్నది" అని మీరు గీస్తున్న గీత నాకు నచ్చలేదు. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. పాకం చూసే ఆవిడకి 60 దాటాయి, నీళ్ల గిన్నె కూడా అక్కర్లేదు, గరిటె నుంచి జారే తీరు చూసి చెప్పేస్తుంది. అరిసెలు మిషన్లో పడవండీ, ఎవరో ఒక అమ్మ చేతులే. తేడా ఏంటంటే ఇక్కడ ఆ చేతులకి కూలీ ఉంది.

ఒక రహస్యం కూడా చెప్తాను, నా వ్యాపారానికే నష్టం. జనవరి 5 తర్వాత ఆర్డర్ పెట్టకండి. అప్పటికి మేమూ పరుగులే. నిరుడు చివరి మూడు రోజులు బియ్యం సరిగా నానకుండానే పిండి కొట్టించాను, ఆ బ్యాచ్ గట్టిగా వచ్చింది, తిట్లు తిన్నాను. ముందే చెప్పండి, తేదీ వేసి ఇమ్మనండి, ప్యాకెట్ మీద 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబర్ ఉందో లేదో చూడండి.

న్యూజెర్సీ చెల్లి
డబ్బా అందుకునే వైపు నుంచి నేను మాట్లాడతా. అరిసెలు ఇక్కడికి వచ్చేసరికి సగం ముక్కలే. నిజానికి ఇక్కడి ఇండియన్ స్టోర్‌లో కూడా దొరుకుతాయి, తింటే పండగ అయిపోతుంది. పచ్చడి సంగతి వేరు. మా అమ్మ చింతకాయలో మెంతిపొడి కాస్త ఎక్కువ, ఆ చేదు ఏ బ్రాండులోనూ లేదు.

నిరుడు అమ్మ పచ్చడి సీసాకి తన పాత వెంకటగిరి చీర అంచుతో చిన్న సంచి కుట్టి పంపింది. నాకు ఏడో తరగతిలో స్కూలు డేకి కట్టిన చీర అది. పచ్చడి మార్చిలో అయిపోయింది. సంచి ఇప్పుడు నా ఆఫీసు బ్యాగులో ఉంది, ఛార్జర్ వైర్లు పెట్టుకుంటున్నా. కూర్చుని కుట్టే పనే కదా, మోకాళ్లకి ఇబ్బంది లేదు. మీ అమ్మగారికి మిషను వచ్చా?

(ఎవరైనా తీసుకొచ్చేవాళ్లుంటే, పచ్చడి హ్యాండ్ లగేజీలో పెట్టొద్దని చెప్పండి, ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. చెక్-ఇన్ లోనే పెట్టాలి, ఇక్కడ దిగాక డిక్లేర్ చెయ్యాలి.)

గంటె పట్టిన చెయ్యి
ఇంతమంది మాట్లాడారు గానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. తంబి గారూ, అమ్మ పొయ్యి దగ్గరికి రావడానికి వీల్లేదన్న మీ అన్నయ్యగారు, పోనీ నేను పిండి జల్లిస్తానని అన్నారా? మీరన్నారా?

తణుకు తంబి
...అనలేదండి.

గంటె పట్టిన చెయ్యి
అదీ సంగతి. అమ్మ చేస్తే ప్రేమ, కొంటే సౌకర్యం. మూడోది ఒకటుందని మన మగవాళ్లకి తట్టదు. చలిమిడి తిప్పడానికి కావలసింది భుజబలం. జిమ్‌కి డబ్బు కట్టి మరీ వెళ్తున్నారుగా.

ప్యాకెట్ పక్షం
నేను ఆర్డర్ పక్షమే, కానీ ఈ దెబ్బ నాకూ తగిలింది.

తణుకు తంబి (డిసెంబర్ 17)
అప్‌డేట్. నిన్న ఆదివారం కాకపోయినా అన్నయ్య సెలవు పెట్టి వచ్చాడు. ఇద్దరం కలిసి అమ్మ ముందు కూర్చున్నాం. పచ్చడి అమ్మే చేస్తుంది, దంచడం నాది. అరిసెలు రెండు కిలోలే. అమ్మ కుర్చీలో కూర్చుని పాకం చూసి "ఊఁ, దించు" అంటుంది, తిప్పేది అన్నయ్య. ఇంకా కావాలంటే మా ఊళ్లోనే ఒకావిడ దగ్గర ముందే చెప్పి చేయిద్దామన్నాం. దానికి మాత్రం అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

ఐదిళ్ల అరిసెలు గారి మాట ధైర్యం చేసి అడిగేశాను: "14 ఇళ్లూ అవసరమా అమ్మా?" కోప్పడుతుందనుకున్నా. లేచి వెళ్లి పాత డైరీ తెచ్చింది, కళ్లజోడు పెట్టుకుని టకటకా ఐదు పేర్లు కొట్టేసింది. నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్ల చుట్టరికాలు, అంత తేలిగ్గా ఎలా కొట్టేశావని అడిగా.

"వీళ్లు మూడేళ్లుగా నా స్టీలు డబ్బాలు తిరిగివ్వలేదు" అంది.