రూజ్‌వెల్ట్ స్టేడియాన్ని కూల్చడం తప్పా? (జెర్సీ సిటీ)

పాత_స్కోర్‌బోర్డు:
జెర్సీ సిటీలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. రూట్ 440 పక్కన, న్యూఆర్క్ బే ఒడ్డున ఇప్పుడు సొసైటీ హిల్ ఇళ్ళున్న చోట 1937 నుంచి 1985 దాకా రూజ్‌వెల్ట్ స్టేడియం ఉండేది. సుమారు 24 వేల మంది పట్టే మైనర్ లీగ్ బేస్‌బాల్ మైదానం. మైనర్ లీగ్ అంటే పెద్ద జట్లకు ఆటగాళ్ళను తయారుచేసే కింది స్థాయి పోటీలు.

1946 ఏప్రిల్ 18న నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్‌సన్, బ్రూక్లిన్ డాడ్జర్స్ కింది స్థాయి జట్టు మాంట్రియల్ రాయల్స్ తరఫున మొదటి లీగ్ మ్యాచ్ ఆడింది ఇక్కడే. అప్పటికి అర్ధ శతాబ్దానికి పైగా నల్లజాతి ఆటగాళ్ళను ఈ లీగుల్లోకి రానివ్వలేదు. ఆ రోజు అతను ఐదుసార్లు బ్యాటింగ్‌కి వచ్చి నాలుగు హిట్లు (బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరడం) కొట్టాడు. అందులో ఒకటి మూడు పరుగుల హోమ్ రన్, అంటే క్రికెట్‌లో సిక్సర్ లాంటిది. రెండు బేస్‌లు దొంగిలించాడు కూడా, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరాడు. ఆతిథ్య జట్టు జెర్సీ సిటీ జయంట్స్ 14-1తో చిత్తయింది. బ్రూక్లిన్ డాడ్జర్స్‌కి ఆడి పెద్ద లీగ్‌లో ఆ జాతి గోడ బద్దలుకొట్టింది మరుసటి ఏడాది, 1947లో. అందరూ దాన్నే గుర్తుపెట్టుకుంటారు. దానికి తలుపు తెరిచిన మైదానాన్ని మాత్రం ఇళ్ళ స్థలాలకింద ఇచ్చేశారు. నా దృష్టిలో ఇది తప్పే.

లెక్కల_మాస్టారు:
అది గొప్ప రోజే, కాదనను. కానీ ఆ ఒక్క మధ్యాహ్నం కోసం 24 వేల సీట్ల కట్టడాన్ని ఎవరి డబ్బుతో నిలబెట్టమంటారు? పక్కనే న్యూయార్క్‌లో మూడు పెద్ద జట్లుండేవి. టీవీలో వాళ్ళ ఆటలు వస్తుంటే కింది లీగ్ ఆటకు టికెట్ కొనేదెవరు? 1950 సీజన్ అయ్యాక జయంట్స్ ఒటావాకి తరలిపోయారు. 1960లో క్యూబా పరిస్థితుల వల్ల హవానా షుగర్ కింగ్స్ జట్టును సీజన్ మధ్యలో ఇక్కడికి తెచ్చారు, 1961తో వాళ్ళూ సర్దుకున్నారు. 1977, 78లో మళ్ళీ ఒక ప్రయత్నం. తర్వాత బేస్‌బాల్ దిగ్గజమైన రికీ హెండర్సన్ అంతటివాడు 1978లో ఇక్కడ ఆడాడు, అయినా జట్టు నిలవలేదు. జనం ఎప్పుడో వదిలేశారు, బుల్‌డోజర్ తర్వాత వచ్చింది.

పాత_స్కోర్‌బోర్డు:
మాస్టారూ, మీరు లీగ్ జట్ల లెక్క ఒక్కటే చెప్పారు. 1956, 57లో డాడ్జర్స్ సొంత మైదానం ఎబెట్స్ ఫీల్డ్ వదిలి 15 మ్యాచ్‌లు ఇక్కడ ఆడారు. 1948లో మార్సెల్ సెర్డాన్ టోనీ జేల్‌ను ఓడించి బాక్సింగ్ మిడిల్‌వెయిట్ ప్రపంచ టైటిల్ గెలిచింది ఇక్కడే. డెబ్బైల్లో రాక్ కచేరీలు జరిగాయి.

లెక్కల_మాస్టారు:
ఆ డాడ్జర్స్ 1958కల్లా లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయారు. కొత్త స్టేడియం కోసం న్యూయార్క్ మీద ఒత్తిడి తేవడానికి జెర్సీ సిటీని వాడుకున్నారు, అంతే. అద్దెకొచ్చినవాళ్ళను చూపించి ఇల్లు కళకళలాడిందంటే ఎలా?

బేవ్యూ_పద్మ:
ఆ చుట్టుపక్కల చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. మా పక్కింటి పెద్దాయనకు రాబిన్‌సన్ గురించి పెద్దగా పట్టదు. ఆయన చెప్పేదంతా స్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, ఆ చలి, ఎవరు ఎవర్ని తన్నారు అన్నదే. మీ ఇద్దరూ జాతీయ చరిత్ర గురించి కొట్టుకుంటున్నారు. ఊరివాళ్ళకు అది పిల్లలు ఆడుకున్న గ్రౌండ్. ఇంకో మాట. ఇళ్ళు కట్టడమే నేరం అన్నట్టు రాయకండి. ఇక్కడ అద్దెలు కడుతున్నవాళ్ళకు తెలుస్తుంది ఇంటి విలువ.

పాటర్సన్_రవి:
అక్కా, ఇళ్ళా మైదానమా అని ఒకటే ఎంచుకోవాల్సిన పని లేదు. ఇదే న్యూజెర్సీలో, మా పాటర్సన్‌లో హించ్‌లిఫ్ స్టేడియం ఉంది. 1932లో కట్టారు, నల్లజాతి లీగుల జట్లు ఆడిన చోటు. 1997లో మూసేశారు. పాతికేళ్ళు చెట్లు మొలిచి, గోడలు పగిలి పాడుబడింది. అయినా కూల్చలేదు. 2013లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు, 2023లో మళ్ళీ తెరిచారు. పక్కనే వృద్ధులకు ఇళ్ళు, పార్కింగ్ కట్టారు. మొత్తం ప్రాజెక్టుకు దాదాపు 10 కోట్ల డాలర్లు. ఇప్పుడక్కడ న్యూజెర్సీ జాకల్స్ బేస్‌బాల్ జట్టు ఆడుతోంది. 1985లో రూజ్‌వెల్ట్‌ను ఇలాగే తాళం వేసి వదిలేసి ఉంటే ఈరోజు ఏదో ఒక దారి దొరికేది.

లెక్కల_మాస్టారు:
పాతికేళ్ళు ఖాళీగా పెట్టే ఓపిక, ఆపైన 10 కోట్ల డాలర్లు! రవి గారూ, మీరు నా వాదనకే బలం ఇస్తున్నారు.

పాటర్సన్_రవి:
ఓపిక ఖర్చే, ఒప్పుకుంటా. కూల్చినదాన్ని తిరిగి తేవడానికి మాత్రం ఎంత ఖర్చు పెట్టినా కుదరదు కదండీ.

సీట్_నం_12:
ఇక్కడెవరూ ఫ్రాంక్ హేగ్ పేరెత్తలేదేం? స్టేడియం కట్టించిన మేయర్. కేంద్రం నుంచి డబ్ల్యూపీఏ (మహామాంద్యం నాటి ఉపాధి పథకం) నిధులు తెచ్చి కట్టించి, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పేరు పెట్టి మెప్పించాడు. సీజన్ మొదటి మ్యాచ్‌కి నగర ఉద్యోగుల చేత టికెట్లు కొనిపించేవాడు. కుర్చీలకన్నా టికెట్లే ఎక్కువ అమ్మేవాళ్ళు. రాబిన్‌సన్ ఆడిందీ సీజన్ మొదటి మ్యాచే. అంటే 1946లో నిండిన ఆ జనంలో ఎంతమంది ఇష్టంతో వచ్చారో, ఎంతమంది ఉద్యోగం కాపాడుకోవడానికి వచ్చారో! ఎలా వచ్చినా చూసింది మాత్రం రాబిన్‌సన్‌నే. అందుకే నాకు ఆ భవనం మీద కన్నా ఆ రోజు మీద మమకారం ఎక్కువ.

పాత_స్కోర్‌బోర్డు:
ఆ రోజుకైనా చోటు దక్కిందా? హోమ్ రన్ కొట్టి వస్తున్న రాబిన్‌సన్‌కి హోమ్ ప్లేట్ (పరుగు పూర్తయ్యే చోటు) దగ్గర తెల్లజాతి సహచరుడు జార్జ్ షూబా చేయి అందించాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ కరచాలనం విగ్రహం ఎక్కడుందో తెలుసా? ఒహాయోలోని యంగ్స్‌టౌన్‌లో, షూబా సొంతూళ్ళో, 2021లో పెట్టారు. జెర్సీ సిటీలో రాబిన్‌సన్ విగ్రహం జర్నల్ స్క్వేర్‌లో న్యూయార్క్ వెళ్ళే పాత్ (PATH) రైలు స్టేషన్ దగ్గరుంది. మనవాళ్ళు ఇండియా స్క్వేర్‌కి సరుకులకు వెళ్తూ దాని పక్కనుంచే నడుస్తారు.

బేవ్యూ_పద్మ:
ఆ విగ్రహం నాకూ తెలుసు. అక్కడైతే రోజూ వేలమంది చూస్తారు, సొసైటీ హిల్ గేటెడ్ కమ్యూనిటీ లోపల పెడితే ఎవరు చూస్తారు? నేనైతే స్టేషన్ దగ్గర పెట్టడమే మంచిదంటాను. స్టేడియం సంగతికొస్తే, కూల్చడం సబబే, మొత్తం కూల్చడం మాత్రం సబబు కాదు. ముందు గోడ ఒక్కటి ఉంచినా మా పక్కింటాయన మనవళ్ళకు చూపించుకునేవాడు.

లెక్కల_మాస్టారు:
ముందు గోడ వరకైతే నేనూ ఓటేస్తానమ్మా. దాని మెయింటెనెన్స్ ఎవరు కడతారో రవి గారిని చెప్పమనండి.