ఒకే ప్రశ్న నాలుగు గ్రూపుల్లో పెడితే తప్పా?

శతకం_అబ్బాయి:
మా నాన్నగారు తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. ఆయన పద్యాల పుస్తకం పేజ్‌మేకర్ (పుస్తకాల పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైల్లో, అను అనే పాతరకం తెలుగు ఫాంట్లలో ఉంది. 112 పేజీలు. ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ అక్షరాల్లోకి మార్చాలి. ఆదివారం పొద్దున్నే ఒకే ప్రశ్న కాపీ చేసి రెండు వాట్సాప్ గ్రూపుల్లో, ఒక టెలిగ్రామ్ గ్రూపులో, ఒక ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టేశా. మధ్యాహ్నానికల్లా టెలిగ్రామ్‌లో ఒకాయన దారి చూపించారు. ఆ సంబరంలో మిగతా మూడు చోట్లా అడిగిన సంగతే మర్చిపోయా. ఫేస్‌బుక్‌లో ఒక పెద్దాయన రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని, శాంపిల్ పేజీ మార్చి, ఒత్తులన్నీ దిద్ది పొద్దున్నే పెట్టారు. "అయిపోయిందండీ, థాంక్స్" అన్నా. "ఆ ముక్క నిన్నే చెప్పుంటే నిద్రపోయేవాణ్ణి కదా బాబూ" అన్నారు. మళ్ళీ మాట్లాడలేదు. రెండు రోజులుగా అదే మనసులో తిరుగుతోంది. అసలు ఎన్ని చోట్ల అడగొచ్చు?

బెజవాడ_డీటీపీ:
తమ్ముడూ, మా షాపుకొచ్చేవాళ్ళలో ఓ రకం ఉంటారు. ఒకే శుభలేఖ మ్యాటర్ మూడు షాపుల్లో ఇచ్చి మూడు ప్రూఫులు తీయించుకుంటారు. ఒకటి నచ్చుతుంది, మిగతా ఇద్దరి వైపు మళ్ళీ రారు. పోనీ నేను ఛార్జీ తీసుకుంటా కాబట్టి సరిపోయింది. ఆ పెద్దాయన ఊరికే చేశాడు. నాలుగు చోట్ల అడగడం తప్పని నేననను. నాలుగు చోట్ల అడిగానని చెప్పకపోవడమే తప్పు.
ఇంకో మాట. నీ ప్రశ్నలో అను 6 ఫాంటా, 7 ఫాంటా రాశావా? రెండిటికీ అక్షరాల అమరిక వేరు. అది రాయకపోతే నాలుగు గ్రూపుల్లోనూ అందరూ చేసేది ఊహే.

శతకం_అబ్బాయి:
రాయలేదన్నా. ఒకచోట అడిగితే 6 అన్నా, ఇంకోచోట 7 అన్నా. నిజంగా నాకే తెలియదు.

బెజవాడ_డీటీపీ:
చాలా బాగుంది.

ఎడిసన్_పాతకాపు:
1991 నుంచి న్యూజెర్సీలో ఉన్నా. అప్పట్లో మాకు యూజ్‌నెట్, అంటే విషయానికో గ్రూపు ఉండే పాతకాలం ఇంటర్నెట్ చర్చావేదిక. తెలుగువాళ్ళకి soc.culture.indian.telugu అని ఉండేది, ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసుకునేవాళ్ళం. అక్కడ ఈ తగువుకి చక్కటి ఏర్పాటు ఉండేది. ఒకే సందేశం పైన రెండు మూడు గ్రూపుల పేర్లు కామాలతో రాస్తే అది సర్వర్లో ఒక్కటిగానే ఉండేది. ఒక గ్రూపులో చదివేస్తే, మంచి రీడర్ ప్రోగ్రామైతే రెండో గ్రూపులో మళ్ళీ చూపించేది కాదు. జవాబులన్నీ ఒకే గ్రూపుకి వెళ్ళేలా ఇంకో లైను కూడా పెట్టుకోవచ్చు. దాన్ని ఎవరూ తప్పుపట్టేవారు కాదు. విడివిడిగా ప్రతి గ్రూపులో కొత్తగా అతికిస్తే మాత్రం తిట్లే.
1994 ఏప్రిల్‌లో ఫీనిక్స్ లాయర్ దంపతులు కాంటర్, సీగెల్ గ్రీన్‌కార్డ్ లాటరీ ప్రకటనని 5 వేలకు పైగా గ్రూపుల్లో విడివిడిగా కుమ్మరించారు. ఏ గ్రూపు తెరిచినా అదే. జనం మండిపడ్డారు. విచిత్రం ఏమిటంటే ఆ లాటరీలో మన దేశం వాళ్ళకి చోటే లేదు, అయినా మేమూ చదవాల్సి వచ్చింది! ఇప్పటి వాట్సాప్‌లో ఆ కామా లేదు. అదే పని లింకుతో మీరే చేసుకోవాలి.

మిద్దెతోట_అక్క:
నా కథ ఇనుర్రి. మా మిద్దె మీద నిమ్మచెట్టు ఆకులు ముడుచుకపోతున్నయని ఫోటో దీసి ఐదు గ్రూపులల్ల పెట్టిన. ఒకరు వేపనూనె అన్నరు, ఒకరు సబ్బునీళ్ళు, ఒకరు పుల్లటి మజ్జిగల ఇంగువ కలిపి కొట్టుమన్నరు. ఎవరికీ వేరేటోళ్ళు ఏం చెప్పిన్రో చెప్పలే. అన్నీ ఒక్క వారంలనే కొట్టిన, అదీ మిట్టమధ్యాహ్నం ఎండల. ఆకులు మాడిపోయినయ్. మళ్ళ అదే ఐదు గ్రూపులల్ల "ఆకులు ఎందుకు మాడినయ్" అని అడిగిన! ఒకామె అన్నది, "అక్కా, మజ్జిగ కొట్టినవని ముందే చెప్తే సబ్బునీళ్ళు ఆపుమంటుంటి" అని. ఎవరి సలహా వాళ్ళకాడ మంచిదే, కలిపి చెడగొట్టింది నేను.

ఏది_తప్పు:
నాకు ఇదంతా అతిగా ఉంది. సగం గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ పువ్వులు తప్ప జవాబులు రావు. ఒకచోట అడిగి వారం కూర్చోడానికి టైమెవరికుంది? నేనైతే అన్నింట్లో పెడతా. ఇష్టమున్నవాళ్ళు చెప్తారు, లేనివాళ్ళు వదిలేస్తారు.

బెజవాడ_డీటీపీ:
నువ్వు పెట్టే అన్ని గ్రూపుల్లోనూ నేనున్నా గురూ. జవాబు చెప్పేది ఎక్కడైనా ఆ పదిమందే. నీకు ఐదు చోట్ల, మాకు ఐదు మోతలు.

బీటెక్_థర్డ్‌ఇయర్:
కోడింగ్ వైపు రూల్స్ ఇంకా గట్టి. స్టాక్ ఎక్స్ఛేంజ్ (షేర్లది కాదు, సబ్జెక్టుకొకటి ఉండే ప్రశ్న-జవాబుల వెబ్‌సైట్లు) సైట్లలో ఒకే ప్రశ్న రెండు సైట్లలో ఒకేసారి పెడితే ఒప్పుకోరు, ఏదో ఒకటి ఎంచుకోమంటారు. నాది అలాగే మూసేశారు. లెక్కల వాళ్ళ దగ్గర పద్ధతి బాగుంది: ముందు మామూలు మ్యాథ్ సైట్లో అడగాలి, కొన్నాళ్ళు చూడాలి, రాకపోతే రీసెర్చ్ స్థాయి లెక్కల సైటు మ్యాథ్‌ఓవర్‌ఫ్లోలో పెట్టి రెండు చోట్లా రెండోదాని లింకు ఇవ్వాలి. అయితే రేపు ల్యాబ్ ఎగ్జామ్ ఉన్నవాడు కొన్నాళ్ళు ఎక్కడ ఆగుతాడు సార్?

రక్తదాత_ఒంగోలు:
ఆగకూడనివీ ఉంటాయి. రక్తం కావాలంటే ఎన్ని గ్రూపుల్లో పెట్టినా నేను తప్పనను. ప్లేట్‌లెట్లు తీసిన దగ్గర్నుంచి మామూలుగా ఐదు రోజులే నిలవ. రాత్రికి రాత్రి దాత దొరకాలి. కానీ మెసేజ్‌లో తేదీ ఉండదు, ఊరుండదు. "అర్జెంట్, ఓ నెగెటివ్, ప్లీజ్ ఫార్వర్డ్" అంతే. వాట్సాప్ 2018లో మన దేశంలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్లకి తగ్గించింది, 2020లో బాగా తిరిగిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే అంది. అయినా పాత మెసేజ్‌లు చావవు. ఒక మెసేజ్ చూసి ఏడు నెలల తర్వాత ఫోన్ చేశా. ఆ పేషెంటు కొడుకు ఎత్తాడు. "నాన్న పోయారండీ, ఇంకా రోజూ ఫోన్లు వస్తూనే ఉన్నాయి" అన్నాడు. ఏం మాట్లాడాలో తెలియక పెట్టేశా. అప్పట్నుంచి నా ద్వారా వెళ్ళే ప్రతి మెసేజ్‌లో తేదీ, ఆసుపత్రి, ఎప్పటిదాకా అవసరమో రాస్తున్నా. దాత దొరగ్గానే ఎక్కడెక్కడ పెట్టానో అక్కడల్లా "దొరికింది, ఇక పంపొద్దు" అని పెడుతున్నా. ఆ చోట్ల జాబితా ఒక కాగితం మీద రాసుకుంటా, లేకపోతే గుర్తుండవు.

ఏది_తప్పు:
రక్తం సంగతి వేరు. కాగితం మీద రాసుకోవడం మాత్రం బాగుంది.

శతకం_అబ్బాయి (రెండు రోజుల తర్వాత):
అందరికీ థాంక్స్. ఫైలు తీసుకెళ్ళి పాత కంప్యూటర్లో చూశా. అను 7. నాలుగు గ్రూపుల్లోనూ జవాబు ఏమిటో, ఎవరు చెప్పారో రాశా. పెద్దాయనకి విడిగా మెసేజ్ పెట్టి క్షమించమన్నా. ఆయన దిద్దిన పేజీ మెషీన్ మార్చిన పేజీ కన్నా శుభ్రంగా ఉంది, పుస్తకంలో అదే వాడుతున్నా. "సరే, మిగతా పేజీల్లో ఒత్తులు చూసుకో" అన్నారు.
ఇప్పుడు ఇంకో చిక్కు. నాన్నగారు పద్యాల్లో అరసున్నలు వాడారు, మార్చాక అవన్నీ ఎగిరిపోయాయి. ఈ ప్రశ్న ఇక్కడ, టెలిగ్రామ్ డీటీపీ గ్రూపులో, రెండే చోట్ల అడుగుతున్నా. అక్కడి లింకు కింద ఇచ్చా. ఏ వైపు తేలినా రెండో వైపు రాస్తా.

బెజవాడ_డీటీపీ:
యూనికోడ్‌లో అరసున్న ఉంది, దాని కోడ్ 0C01. కన్వర్టరే వదిలేసి ఉంటుంది. ఒక్క పేజీ పంపు. అక్కడ ఎవరూ చెప్పలేదని చూసుకున్నాకే ముట్టుకుంటా.