కేమెల్‌బ్యాక్ కొండకి నాన్నని ఏ దారిలో తీసుకెళ్లాలి?

నమస్కారం అండీ. మేముండేది అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్‌లో. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్న (64 ఏళ్లు) ఫీనిక్స్‌లో ఆ ఒంటె మూపురం కొండ చూసినప్పటి నుంచి ఎక్కుదామని ఒకటే గొడవ. "అలిపిరి మెట్లు ఎక్కినవాడికి ఇదో లెక్కా" అంటారు. ఇక్కడ మెట్లెక్కడివి! సముద్రమట్టం నుంచి ఎత్తు 2,700 అడుగులే గానీ, పైకి వెళ్లే రెండు దారుల్లో ఎకో కాన్యన్ వైపు మైలుంపావులోనే దాదాపు 1,200 అడుగులు పైకి పోవాలి. మేలో నేను ఎనిమిదింటికి మొదలుపెట్టి సగంలోనే తిరిగొచ్చేశాను. ఎండకి కాలిన రెయిలింగ్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, లీటరు నీళ్లు అప్పటికే అయిపోయాయి.

ఈసారి నవంబర్‌లో, తెల్లవారగానే బయల్దేరదామని. రెండోదైన చోయా దారి కాస్త పొడవైనా మొదట్లో నయమనీ, చివర్లో మాత్రం బండలు పాక్కుంటూ ఎక్కాలనీ అంటున్నారు. నాన్నకి ఎక్కడం పర్వాలేదు, దిగేటప్పుడే ఎడమ మోకాలు పట్టేస్తుంది. ఆ వయసువాళ్లని తీసుకెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి: ఏ వైపు నయం? చోయా దారిలో ఎక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరిగితే మంచిది? చేతికర్ర పనికొస్తుందా, బండల దగ్గర అడ్డమవుతుందా? శనివారం పొద్దున పార్కింగ్ దొరుకుతుందా?

అన్నట్టు, ఆయన చెప్పులతోనే వస్తానంటున్నారు. బూట్లు వేయించే ఉపాయం ఉంటే అదీ చెప్పండి.